మెక్సికోలో ఊరి పేరు మారిపోతే పూర్వీకుల స్వస్థలం ఎలా పట్టుకోవాలి?

అమెరికాలోని తెలుగు ఇళ్లలోకి మెక్సికన్ మూలాలున్న కోడళ్లు, అల్లుళ్లు వచ్చాక, పిల్లల కోసం రెండు వైపులా వంశవృక్షం రాద్దామని కూర్చున్నవాళ్లు అడిగే ప్రశ్న ఇది. ముత్తాత కాగితంలో ఊరి పేరు స్పష్టంగా ఉంటుంది, మ్యాపులో మాత్రం ఆ ఊరు కనపడదు. లేదా అదే పేరుతో పాతిక ఊళ్లు కనపడతాయి. చాలాసార్లు ఆ ఊరు ఉన్నచోటే ఉంటుంది, మారింది పేరో, రాష్ట్రమో. పేరొక్కటే పట్టుకుని వెతికితే పని జరగదు. పేరు, ఆ పేరు రాసిన ఏడాది, ఆ ఏడాదిలో ఆ ఊరు ఏ చర్చి కింద ఉండేదన్న సంగతి మూడూ కలిపి వెతకాలి. తాతగారు బెజవాడ అన్నా, మ్యాపు విజయవాడ అన్నా రెండూ నిజమే కదా. ఏ కాగితం ఎప్పటిదో తెలిస్తే చాలా చిక్కులు విడిపోతాయి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- కుటుంబంలో ఉన్న ప్రతి కాగితం ఫోటో: పెళ్లి పత్రం, మరణ ధ్రువీకరణ, పాత ఉత్తరాల కవర్లు, ఫోటోల వెనక రాతలు, సమాధి రాయి.
- వలస వచ్చిన మనిషి పూర్తి పేరు, తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు. మెక్సికో రికార్డుల్లో స్త్రీలు పెళ్లయ్యాక కూడా పుట్టింటి పేరుతోనే ఉంటారు. అత్తింటి పేరుతో వెతికితే ఏమీ దొరకదు.
- ఆ మనిషి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తోడు వచ్చిన బంధువుల పేర్లు.
- పాత రికార్డుల చిత్రాలు చూపించే ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఖాతా. ఇది ఉచితం. కొన్ని చిత్రాలు మాత్రం వాళ్ల కేంద్రాల్లోనో, అనుబంధ గ్రంథాలయాల్లోనో కూర్చుంటేనే తెరుచుకుంటాయి.
- ఒక స్ప్రెడ్‌షీట్. స్పానిష్ రాకపోయినా ఫర్వాలేదు, నలభై యాభై మాటలు గుర్తుపట్టగలిగితే రికార్డులు చదవొచ్చు.

1. దొరికిన ప్రతి పేరునూ, ఉన్నది ఉన్నట్టు రాసుకోండి

స్ప్రెడ్‌షీట్‌లో నాలుగు గడులు పెట్టండి: కాగితంలో ఉన్న స్పెల్లింగ్, కాగితం ఏడాది, ఆ వివరం చెప్పింది ఎవరు, అది దేని గురించి (పుట్టిన ఊరా, చివరగా ఉన్న ఊరా, సరిహద్దు దాటిన ఊరా). స్పెల్లింగ్ తప్పుగా కనపడినా ఇక్కడ దిద్దొద్దు. ఆ తప్పులోనే ఆధారం ఉండొచ్చు.

ఏ కాగితంలో ఏముంటుందో తెలిస్తే సమయం కలిసొస్తుంది. అమెరికా జనగణనల్లో సాధారణంగా "మెక్సికో" అని మాత్రమే ఉంటుంది, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. 1917 జూన్ సైనిక నమోదు కార్డులో పుట్టిన ఊరు అడిగారు. 1918 సెప్టెంబరు కార్డులో అడగలేదు. 1942లో పెద్ద వయసు మగవాళ్లతో నింపించిన కార్డులో మళ్లీ అడిగారు. 1936 నుంచి సోషల్ సెక్యూరిటీ కోసం నింపిన ఎస్ఎస్-5 దరఖాస్తులో పుట్టిన ఊరితో పాటు తల్లి పుట్టింటి పేరు కూడా ఉంటుంది. అన్నిటికంటే విలువైనవి సరిహద్దు దాటినప్పటి కార్డులు. పుట్టిన ఊరు, చివరి నివాసం, మెక్సికోలో దగ్గరి బంధువు పేరు, ఆ బంధువు ఊరు వాటిలో ఉంటాయి.

జాగ్రత్త: ఈ కార్డులకు వెనక వైపు కూడా ఉంటుంది. వెబ్‌సైట్‌లో అది తర్వాతి చిత్రంగా వస్తుంది. మొదటి చిత్రం చూసి మూసేసేవాళ్లే ఎక్కువ.

2. పుట్టిన ఊరినీ, దాటిన ఊరినీ విడదీయండి

సియుదాద్ హ్వారెస్, న్వెవో లరేదో, పియెద్రాస్ నెగ్రాస్ లాంటి సరిహద్దు పట్టణాలు కాగితాల్లో కనపడగానే అదే స్వస్థలం అనుకోవద్దు. మిచోఅకాన్, గ్వానహ్వాతో లాంటి లోపలి రాష్ట్రాల నుంచి రైలెక్కి వచ్చినవాళ్లు అక్కడ కొన్ని నెలలు పనిచేసి దాటేవాళ్లు. పిల్లలకు గుర్తుండేది ఆ చివరి ఊరే.

పైగా ఈ సరిహద్దు పట్టణాల పేర్లూ మారాయి. సియుదాద్ హ్వారెస్‌కు 1888 దాకా పాసో దెల్ నోర్తె అని పేరు. టెక్సస్ వైపున్న ఎల్ పాసోతో దాన్ని కలిపేసుకోవద్దు. పియెద్రాస్ నెగ్రాస్‌ను 1888లో సియుదాద్ పోర్ఫీరియో దియాస్ చేశారు. 1911లో అధ్యక్షుడు దియాస్ పతనమయ్యాక పాత పేరు తిరిగొచ్చింది. కాబట్టి "సి. పి. దియాస్" అని ఉన్న కార్డు దాదాపుగా ఆ మధ్యకాలానిదే, లేదా ఆ కాలంలో అక్కడున్న మనిషి చెప్పినదే.

3. స్పెల్లింగ్‌ను వెనక్కి తిప్పండి

అమెరికా గుమాస్తా చెవికి వినపడింది రాశాడు, మెక్సికోలో చర్చి పూజారి స్పానిష్‌లో తనకు అలవాటైనట్టు రాశాడు. రెండు రకాల తప్పులూ వేరు.

గుమాస్తా తప్పులు: స్పానిష్‌లో జె అక్షరం "హ"గా పలుకుతుంది, అందుకే అతను హెచ్ రాస్తాడు. రెండు ఎల్‌లు పక్కపక్కన వస్తే "య" శబ్దం, అక్కడ వై రాస్తాడు. స్పానిష్‌లో హెచ్ పలకదు, కాబట్టి దాన్ని వదిలేస్తాడు.

పూజారి రాతలో: పాతకాలంలో జెకు బదులు ఎక్స్ (హల్పా, హెరెస్ అనే ఊళ్లు పాత పుస్తకాల్లో ఎక్స్‌తో మొదలవుతాయి), బి-వి ఒకటికొకటి, ఎస్-సి-జడ్ ఒకటికొకటి, ఐ-వై ఒకటికొకటి. "హెచ్-యు-ఇ" అని మొదలయ్యే ఊరిని "జి-యు-ఇ" అని కూడా రాశారు. హలీస్కో రాష్ట్రంలోని వెహూకర్ రెండు విధాలా కనపడుతుంది.

కుదించిన రాతలు కూడా నేర్చుకోండి. ఎస్-ఎన్ అంటే శాన్, ఎస్-టి-ఎ అంటే శాంతా, హెచ్-డి-ఎ అంటే హసియెందా (పెద్ద భూస్వామ్య ఎస్టేట్), ఆర్ తర్వాత పైన చిన్న ఓ ఉంటే రాంచో (చిన్న పల్లె).

ఒక్కో పేరుకు నాలుగైదు రూపాలు రాసుకుని అన్నిటితోనూ వెతకండి. శాన్ హోసె, రెఫూహియో, గ్వాదలూపె లాంటి పేర్లయితే ఇక్కడే ఆగండి. ఆ పేర్లతో ఊళ్లు లెక్కలేనన్ని. పక్క ఊరి పేరు ఒకటి దొరికేదాకా ముందుకెళ్లి లాభం లేదు.

4. పేరు ఏ రకంగా మారిందో గుర్తుపట్టండి

ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే. మార్పులు ప్రధానంగా ఐదు రకాలు.

*క్రైస్తవ పుణ్యాత్ముడి (సెయింట్) పేరు పోయి వీరుడి పేరు వచ్చినవి.* సకతేకాస్ రాష్ట్రంలో శాన్ మిగెల్ దెల్ మెస్కితాల్ ఇప్పుడు మిగెల్ ఔసా. దాని పొరుగున ఉన్న శాన్ హ్వాన్ దెల్ మెస్కితాల్ ఇప్పుడు హ్వాన్ అల్దామా. చియాపాస్‌లో 1934లో ప్రభుత్వమే పుణ్యాత్ముల పేర్లు తీసేయించింది. శాన్ బార్తొలొమె దె లోస్ యానోస్ అప్పుడే వెనుస్తియానో కర్రాన్సా అయింది. తబాస్కో రాజధాని శాన్ హ్వాన్ బౌతీస్తా 1916లో వియా ఎర్మోసా అయింది.

*పాత పేరుకు తోక తగిలించినవి.* దొలోరెస్ అన్నది దొలోరెస్ ఇదాల్గో అయింది, లాగోస్ అన్నది లాగోస్ దె మొరేనో అయింది. ఇవి తేలిక, మొదటి మాట పట్టుకుంటే దొరుకుతాయి.

*మారి, మళ్లీ వెనక్కి వచ్చినవి.* చియాపాస్‌లోని శాన్ క్రిస్తోబాల్ 1934 తర్వాత కొన్నేళ్లు సియుదాద్ లాస్ కసాస్. హలీస్కోలో సపోత్లాన్ ఎల్ గ్రాందె పట్టణం 1856లో సియుదాద్ గుస్మాన్ అయింది. పట్టణానికి ఇప్పటికీ అదే పేరు, మునిసిపియోకు (పట్టణం, దాని చుట్టుపక్కల ఊళ్లు కలిసిన పాలనా విభాగం) మాత్రం పాత పేరు తిరిగొచ్చింది.

*ఊరే కదిలినవి.* తమౌలీపాస్‌లో రెవియా అనే ఊరు 1827లో గెర్రెరో అయింది. 1953లో ఫాల్కన్ ఆనకట్ట నీళ్లు కమ్మేస్తే జనం న్వెవా సియుదాద్ గెర్రెరోకు తరలిపోయారు. ఒకే కుటుంబానికి మూడు పేర్లు, రెండు స్థలాలు. మిచోఅకాన్‌లో పరీకుతిన్ అగ్నిపర్వతం 1943 ఫిబ్రవరి 20న పుట్టింది. మరుసటి ఏడాది శాన్ హ్వాన్ పరాంగారికుతీరో లావా కింద పడింది, జనం ఉరువాపాన్ దగ్గర కొత్త శాన్ హ్వాన్ కట్టుకున్నారు. ఇలాంటి ఊళ్లకు మ్యాపులో కనపడే కొత్త స్థలాన్ని 1900 నాటి పుట్టుకకు తగిలించకండి.

*రాష్ట్రం మారినవి.* 1880లో ఇస్త్లాన్‌లో పుట్టినవాళ్లు హలీస్కో అని చెబుతారు. 1884 నుంచి అది తెపిక్ టెరిటరీ, 1917 నుంచి నయారీత్ రాష్ట్రం. ఇదాల్గో, మొరేలోస్ రాష్ట్రాలు 1869 దాకా మెక్సికో రాష్ట్రంలో భాగం. 1856 నుంచి 1864 దాకా కోఅవీలా, న్వెవో లెయోన్‌తో కలిసి ఉంది.

ఈ రకాలు తెలిస్తే ఒక మంచి పరీక్ష చేతికొస్తుంది. ఇదాల్గో, మొరేలోస్, అయెందె, అల్దామా లాంటి స్వాతంత్ర్య యోధుల పేర్లు 1820ల నుంచే ఊళ్లకు పడ్డాయి. కర్రాన్సా, సపాతా పేర్లు 1910-1920 మెక్సికో విప్లవం నాయకులవి, ఆ తర్వాతే ఊళ్లకు వచ్చాయి. 1790 బాప్తిజానికి ఎదురుగా "హ్వాన్ అల్దామా" అని కనపడితే, అది అసలు పుస్తకంలో మాట కాదు, ఇండెక్స్ చేసినవాళ్లు ఇప్పటి పేరు పెట్టారు. అసలు చిత్రం తెరవండి.

5. ఇనెహి ఊళ్ల చరిత్ర జాబితాలో చూడండి

ఇనెహి మెక్సికో ప్రభుత్వ గణాంక, భూగోళ సంస్థ. వాళ్ల వెబ్‌సైట్‌లో "అర్చీవో ఇస్తోరికో దె లొకాలిదాదెస్" అనే ఉచిత విభాగం ఉంది. రాష్ట్రం ఎంచుకుని పేరు కొడితే, ఆ ఊరు 1900 నుంచి ఏ జనగణనలో ఏ పేరుతో, ఏ హోదాతో, ఏ మునిసిపియో కింద, ఎంత జనాభాతో నమోదైందో వరసగా వస్తుంది. పేరు మార్పులు, మునిసిపియో మార్పులు కూడా అక్కడే కనపడతాయి.

ఇలా చేయండి:
- ముందు రాష్ట్రంతో కలిపి పేరు కొట్టండి. దొరక్కపోతే పేరులో ఒక్క ముఖ్యమైన మాటతో కొట్టండి. ముందున్న శాన్, ఎల్, లా తీసేయండి.
- ఊరికి ఇచ్చిన తొమ్మిది అంకెల కోడ్ రాసుకోండి. మొదటి రెండు రాష్ట్రం, తర్వాతి మూడు మునిసిపియో, చివరి నాలుగు ఊరు. ఉదాహరణకు మొరేలియా నగరం 160530001, అందులో 16 అంటే మిచోఅకాన్. ఒకే పేరున్న పది ఊళ్లలో మీరు చూసింది ఏదో ఈ కోడ్ తేలుస్తుంది.
- హోదా గడి చదవండి. 1910లో హసియెందా, 1940లో ఎహీదో అని ఉంటే, విప్లవం తర్వాత ఆ భూస్వామ్య ఎస్టేట్‌ను రైతులకు పంచారన్న మాట. అలాంటప్పుడు పేరు కూడా మారడం మామూలే.
- జనాభా చూడండి. 1900లోనో 1910లోనో ఊరు అసలు నమోదు కాకపోతే, 1895లో పుట్టిన మనిషికి అది స్వస్థలమయ్యే అవకాశం తక్కువ.

పరిమితి: 1900కు ముందే చచ్చిపోయిన పేర్లు ఇందులో ఉండవు. మొరేలియా 1828 దాకా వయదోలిద్ అన్న సంగతి కోసం ఇక్కడికి రాకూడదు. అలాంటి వాటికి ఆంతోనియో గార్సియా కూబాస్ 1888-1891 మధ్య ఐదు సంపుటాలుగా వేసిన భౌగోళిక నిఘంటువు ఉంది. స్కాన్ ప్రతులు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. చిన్న రాంచోలు, హసియెందాలు కూడా ఏ మునిసిపాలిటీ, ఏ జిల్లా కింద ఉన్నాయో అందులో ఉంటుంది. పాత మ్యాపులు కావాలంటే మెక్సికో సిటీలోని ఒరోస్కో ఇ బెర్రా మ్యాపుల భాండాగారం డిజిటల్ సేకరణ చూడండి.

6. చర్చి ఏదో తేల్చండి

ఊరు దొరికిందని సంబరపడి ఇక్కడ ఆపేస్తే రికార్డు దొరకదు. రాంచోలో పుట్టిన పిల్లకు బాప్తిజం ఆ రాంచోలో జరగదు, పారిష్ చర్చిలో, అంటే చుట్టుపక్కల పల్లెలన్నిటికీ కలిపి ఉన్న ప్రధాన చర్చిలో జరుగుతుంది. ఆ చర్చి వేరే మునిసిపియోలో, ఒక్కోసారి వేరే రాష్ట్రంలో ఉండొచ్చు. పౌర రికార్డులకు, అంటే రెహిస్త్రో సివిల్‌కు, పుస్తకం ఉండేది మునిసిపియో కేంద్రంలో.

పౌర నమోదు చట్టం అధ్యక్షుడు హ్వారెస్ ప్రభుత్వం 1859 జులైలో తెచ్చింది. చాలా ఊళ్లలో పుస్తకాలు 1860లలో గానీ మొదలు కాలేదు. మొదలయ్యాక కూడా ఎంతో మంది పోయి నమోదు చేయించుకోలేదు. అందుకని 1860కి ముందు చర్చి పుస్తకాలే దిక్కు, 1860-1900 మధ్య రెండూ చూడాలి.

ఫ్యామిలీసెర్చ్ కేటలాగ్‌లో మెక్సికో, రాష్ట్రం, పట్టణం వరసలో వెతికి, ఆ పట్టణం కింద ఉన్న "చర్చి రికార్డులు", "పౌర నమోదు" రెండూ తెరవండి. పుస్తకాలు ఏ ఏడాది నుంచి మొదలయ్యాయో చూడండి. చర్చి పుస్తకాలు 1870లో మొదలైతే, అంతకు ముందు ఆ ఊరు మరో తల్లి పారిష్ కింద ఉండేదన్న మాట. 30-40 కిలోమీటర్ల లోపున్న పాత పట్టణాల చర్చిలు వరసగా చూడండి.

ఖాళీలు కనపడితే కంగారు పడకండి. 1910-1920 విప్లవంలో కొన్ని కార్యాలయాలు తగలబడ్డాయి. 1926 జులై చివర నుంచి 1929 జూన్ దాకా చర్చిల్లో ఆరాధన ఆగిపోయింది. ఆ కాలంలో ఇళ్లల్లో రహస్యంగా ఇచ్చిన బాప్తిజాలను కొన్నిచోట్ల తర్వాత పుస్తకాల్లోకి ఎక్కించారు, కాబట్టి 1929-1931 పుటలు కూడా తిప్పండి. పౌర పుస్తకాలకు నకళ్లు రాష్ట్ర ఆర్కైవ్‌కు వెళ్లేవి. మునిసిపియోలో కాలిపోతే అక్కడ అడగండి.

7. రికార్డులో చదవాల్సిన నాలుగు మాటలు

"ఒరిహినారియో దె" అంటే ఫలానా ఊరివాడు. "వెసీనో దె" అంటే ఇప్పుడు అక్కడ ఉంటున్నవాడు. ఈ రెంటినీ కలిపేయడం వల్ల జరిగే తప్పు అంతా ఇంతా కాదు. పెళ్లికి ముందు పూజారి జరిపిన విచారణ కాగితాల్లో "ఫలానా ఊరివాడు, ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాడు" అని స్పష్టంగా ఉంటుంది. ఒకే కాగితం చూసే అవకాశం ఉంటే అదే చూడండి. "అబ్వెలోస్ పతెర్నోస్", "అబ్వెలోస్ మతెర్నోస్" అంటే తండ్రి వైపు, తల్లి వైపు తాత నాయనమ్మ అమ్మమ్మలు. జనన రికార్డుల్లో వీళ్ల పేర్లు తరచూ ఉంటాయి.

బాప్తిజం పుస్తకంలో మార్జిన్ వదలకండి. పిల్ల పేరు కింద రాంచో పేరు అక్కడే రాస్తారు. 1908 తర్వాత పెళ్లయితే, ఎక్కడ, ఎవరితో జరిగిందో కూడా అక్కడ చేర్చిన సందర్భాలు ఉంటాయి.

ఒక ఉదాహరణ: "తబాస్కో, మెక్సికో"

1920ల నాటి కాగితంలో పుట్టిన ఊరు "తబాస్కో" అనీ, దగ్గరి బంధువు ఊరు "హల్పా" అనీ ఉందనుకోండి. తబాస్కో అనగానే అందరూ గల్ఫ్ తీరంలోని తబాస్కో రాష్ట్రానికి పోతారు. అక్కడ హల్పా దె మెందెస్ అనే ఊరు కూడా ఉంది కాబట్టి సరిపోయిందనుకుంటారు. కానీ సకతేకాస్ రాష్ట్రంలో తబాస్కో, హల్పా అనే రెండు మునిసిపియోలు ఒకే లోయలో దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఆ తబాస్కోకు పాత పేరు వియా దెల్ రెఫూహియో.

తేల్చడం ఎలా? అదే కార్డులో, అన్నదమ్ముల కార్డుల్లో మూడో ఊరి పేరు వెతకండి. వనూస్కో కనపడితే సకతేకాసే, అది కూడా ఆ లోయలోనిదే. ఆ తర్వాత సకతేకాస్‌లోని తబాస్కో పుస్తకాలను రెండు పేర్లతోనూ వెతకండి. పాత పుటల్లో మీకు కనపడేది "రెఫూహియో".

దొరికింది మనవాళ్లదేనా? ఇలా సరిచూసుకోండి

పేరు, తండ్రి పేరు కలిస్తే చాలదు. హోసె మరియాలు, మరియా గ్వాదలూపెలు ప్రతి పారిష్‌లో బోలెడు. ఇవన్నీ చూడండి:

- తల్లి పుట్టింటి పేరు కలవాలి.
- అమెరికా కాగితాల్లోని వయసు తప్పు కావచ్చు, అయిదేళ్లు అటూ ఇటూ వెతకండి. పుట్టిన రోజూ నెలా మాత్రం చాలాసార్లు నిలబడతాయి, ఎందుకంటే చాలామందికి చర్చి క్యాలెండర్‌లో ఆ పుట్టిన రోజుకు ఉన్న పుణ్యాత్ముడి పేరే పెట్టేవాళ్లు.
- అదే తల్లిదండ్రుల మరో ఇద్దరు పిల్లల రికార్డులు అదే చర్చిలో దొరకాలి. దొరక్కపోతే ఆ కుటుంబం అక్కడ నిలకడగా ఉండలేదేమో చూడండి.
- అదే చర్చి ఖనన పుస్తకంలో తర్వాతి అయిదారేళ్లు తప్పకుండా తిప్పండి. బిడ్డ చనిపోతే ఆ పేరే తర్వాతి బిడ్డకు పెట్టడం మామూలు. మీరు పట్టుకున్న బాప్తిజం చిన్నప్పుడే పోయిన అన్నది కావచ్చు.
- 1930 మే 15 నాటి మెక్సికో జనగణన పుటలు ఫ్యామిలీసెర్చ్‌లో ఉన్నాయి (ఫెడరల్ డిస్ట్రిక్ట్ భాగం లేదు). ఊళ్లో మిగిలిన అన్నదమ్ములు అక్కడ కనపడితే మీ ఊరు ఖాయం.

సొంతంగా రెండు రకాల కాగితాలు, ఉదాహరణకు ఒక అమెరికా కాగితం, ఒక చర్చి పుస్తకం, ఒకే ఊరిని చూపించేదాకా వృక్షంలో "బహుశా" అనే రాయండి. ఇతరులు ఆన్‌లైన్‌లో పెట్టిన వృక్షాన్ని మూడో సాక్షిగా లెక్కపెట్టకండి, అందరూ ఒకే తప్పును నకలు కొట్టి ఉండొచ్చు.

వృక్షంలో ఎలా రాయాలి

ముందు రికార్డులో ఉన్న పేరు, రికార్డు ఏడాదితో. తర్వాత ఇప్పటి పేరు, మునిసిపియో, రాష్ట్రం. చివర ఇనెహి కోడ్, పారిష్ పేరు. "శాన్ మిగెల్ దెల్ మెస్కితాల్ (రికార్డులో, ఏడాది), ఇప్పుడు మిగెల్ ఔసా, సకతేకాస్" అన్నట్టు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ప్రామాణిక పేరు సూచిస్తుంది, దాన్ని ఒప్పుకునే ముందు రాష్ట్రం సరైనదేనా చూడండి. ఒక్క నొక్కుతో సకతేకాస్ తబాస్కో కాస్తా తీరం రాష్ట్రమైపోతుంది. ఊరు నీట మునిగినదో, లావా కింద పడినదో అయితే పాత స్థలం అక్షాంశ రేఖాంశాలు విడిగా రాసి పెట్టండి, కొత్త ఊరి పిన్ను పెట్టొద్దు.